క్లాస్ డి ఆంప్ డైరీ: హమ్ చిప్‌లో లేదు

ఆదివారం, సామాన్లు

ఇంట్లో పాటలకి క్లాస్ డి ఆంప్ ఒకటి కట్టా. క్లాస్ డి అంటే ట్రాన్సిస్టర్లని వేగంగా ఆన్ ఆఫ్ చేస్తా సౌండ్ పెంచే రకం. అందులో వచ్చిన హమ్, అంటే మ్మ్మ్ అనే గోల, ఎక్కడిదో వెతికిన డైరీ ఇది. బోర్డు టీపీఏ3116డీ2, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ చిప్, రెండు చానెళ్ళు. చిప్ నెత్తిన హీట్‌సింక్ బిగించే వచ్చింది. 3116కి వేడి బయటికి పంపే మెటల్ ప్యాడ్ పైవైపు ఉంటది, అందుకని సింక్ తప్పదు. ఇదే కుటుంబంలో 3118 అని ఇంకోటి ఉంది, దానికి ప్యాడ్ కిందవైపు, వేడంతా బోర్డు మీద రాగిలోకే పోద్ది. సప్లై ఏమో 24 వోల్టులు 5 ఆంపులు, షాపుల ముందు ఎల్ఈడీ బోర్డులకి వాడతారే, ఆ చిల్లుల ఇనప డబ్బా ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని స్విచింగ్‌తో డీసీ చేసే సప్లై).

స్పీకర్లు మైపాడులో మా మావయ్య వాళ్ళ అటక మీంచి దించినవి. చెక్క పెట్టెలు గట్టిగానే ఉండాయి గానీ సముద్రం గాలికి వెనక టెర్మినళ్ళు పచ్చగా చిలుము పట్టి, ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ వేలు పెడితే పొడిపొడిగా రాలిపోతా ఉంది. ఫోమ్ అంతే, ఈ గాలికి నిలవదు. నెల్లూరులో మైక్ సెట్ అద్దెకిచ్చే అన్న ఒకాయన ఉండాడు, రొట్టెల పండక్కి, పెళ్ళిళ్ళకి సెట్లు పంపిస్తా ఉంటాడు, ఆయన కాడ కోన్‌లు మార్చే కుర్రోడికి ఇచ్చి ఫోమ్ తీసేసి రబ్బరు రింగులు వేయించా. కాయిల్స్ బాగానే ఉండాయి, మీటర్ పెడితే ఒకటి 6.4 ఓమ్‌లు, ఇంకోటి 6.5. డీసీలో 6 చిల్లర చూపిస్తే అది 8 ఓమ్ స్పీకరే, లేబుల్ చిరిగిపోయినా ఫర్వాలేదు. టెర్మినళ్ళు మాత్రం తీసి పారేసి కొత్తవి వేశా, చిలుము గీకి వాడుకుందాం అనే పొదుపు ఈడ పనికి రాదు, అది మళ్ళీ వస్తది.

అన్న బోర్డుని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి "ఏందబ్బయా ఇది, బిస్కెట్టంత ఉంది, 100 వాట్లు ఇస్తాదా?" అన్నాడు. ఇవ్వదన్నా అని చెప్పా. అమ్మేవాళ్ళు రాసే 50+50 అనేది 4 ఓమ్ స్పీకర్లకి, 21 వోల్టుల మీద, అదీ 10 శాతం డిస్టార్షన్ (సౌండ్ చెడిపోవడం) ఒప్పుకుంటే వచ్చే లెక్క. మనకి 8 ఓమ్, 24 వోల్టులు, కాబట్టి చానెల్‌కి 30 దాకా, శుభ్రంగా వినాలంటే ఇంకా తక్కువ. హాల్లో కూర్చుని వినడానికి 5 వాట్లు దాటే పనే పడదు లెండి. వాట్లు పెంచి చెప్పుకోవడం ఈ క్లాస్ డి జాతికి పుట్టుకతోనే వచ్చింది, 1964లో ఇంగ్లాండులో సింక్లెయిర్ ఎక్స్-10 అని కిట్ అమ్మారు, జనం కొనుక్కునే క్లాస్ డి ఆంప్‌లలో దాదాపు మొదటిది అదే, 10 వాట్లు అన్నారు, వచ్చింది రెండున్నర దరిదాపుల్లో. అప్పటి ట్రాన్సిస్టర్లు అంత స్పీడుగా స్విచ్ కాలేకపోయేవి, ఆలోచన మాత్రం మంచిదే.

అదే రోజు సాయంత్రం, కరెంటు ఇవ్వకముందు

బోర్డు మీద పెద్ద కెపాసిటర్లు 25 వోల్టులవి వేసి పంపారు. 24 మీద 25 వోల్టుల కెపాసిటరా! మన ఎండాకాలంలో హాలే 38 డిగ్రీలు ఉంటది, మూసిన డబ్బాలో ఇంకా పైన, అట్టాంటప్పుడు అంచు మీద నడపటం దేనికి, రెండూ పీకేసి 35 వోల్టులవి, 1000 మైక్రోఫారడ్‌వి వేశా. సప్లై తెరిస్తే టెర్మినళ్ళ పక్కన చిన్న ప్లాస్టిక్ స్క్రూ ఉంటది, వోల్టేజి సర్దుకోడానికి. వచ్చినప్పుడు 24.7 చూపించింది, 24.0కి దించా. చిప్‌కి 26 దాకా ఓకే కానీ పైన జాగా వదలడం మంచిది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బోర్డు (కరెంటు ముందు బల్బు గుండా పోయి వచ్చే బోర్డు) మీదే, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయిందంటే ఎక్కడా షార్ట్ లేదని. ఆరిపోయింది. స్పీకర్లు ఇంకా తగిలించలా. మీటర్ నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద పెట్టి ఔట్‌పుట్ ప్లస్ చూస్తే 12 వోల్టులు, మైనస్ చూసినా 12 వోల్టులు. పాత ట్రాన్సిస్టర్ ఆంప్‌లు రిపేర్ చేసినోళ్ళు ఇది చూస్తే స్పీకర్ కాలిపోద్దని కంగారు పడతారు. కానీ ఇందులో ఒక్కో చానెల్‌కి రెండు ఔట్‌పుట్లు ఎదురెదురుగా పనిచేస్తాయి, స్పీకర్ రెండు వైర్లనీ చిప్పే తోస్తది, రెండూ సప్లైలో సగం దగ్గర కూర్చుంటాయి, చూసుకోవాల్సింది వాటి మధ్య తేడా. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య పెడితే ఎడమ 6 మిల్లీవోల్టులు, కుడి 9. బంగారం.

ఇందులోంచి వచ్చే రూల్ ఒకటుంది, గోడ మీద రాసుకున్నా తప్పు లేదు: స్పీకర్ మైనస్‌ని డబ్బాకి గానీ గ్రౌండ్‌కి గానీ రెండో స్పీకర్ మైనస్‌కి గానీ కలపకూడదు. మూడు వైర్లతో పోయే పాత హెడ్‌ఫోన్ జాక్‌లూ, రెండు మైనస్‌లు కలిపేసిన కార్ వైరింగూ దీనికి పనికిరావు. ఆసిలోస్కోప్ (వోల్టేజి అలల్ని తెర మీద చూపించే మీటర్) గ్రౌండ్ క్లిప్ కూడా ఔట్‌పుట్ మీద పెట్టకూడదు. అన్నట్టు ఆ చవక డీఎస్ఓ138 స్కోప్ కిట్ ఉంది కదా, దాంతో ఈ చిప్ స్విచింగ్ చూద్దామనుకుంటే కనపడదు, దాని బ్యాండ్‌విడ్త్, అంటే చూడగలిగే హద్దు, 200 కిలోహెర్ట్జ్, ఈ చిప్ కొట్టుకునేది 400 దగ్గర.

మైక్ సెట్ అన్న కాడ, కెపాసిటర్ గొడవ

ఊఫర్లు తెచ్చుకోడానికి పోతే అన్న రెండు 10,000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చేతిలో పెట్టాడు, పెద్ద ఆంప్‌లోంచి పీకినవి. "ఇవి వెయ్యి సామీ, అప్పుడు చూడు బేస్ ఎట్టా కొడతాదో." ఆయన అనుభవం తప్పు కాదు, ట్రాన్స్‌ఫార్మర్ సప్లైలో బ్రిడ్జి డయోడ్లు దాటాక సెకనుకి 100 సార్లు మాత్రమే కరెంటు అందుద్ది, మధ్యలో ఖాళీలన్నీ కెపాసిటరే నింపాల, అందుకే ఆయన ఆంప్‌లలో అవి డబ్బాల్లాగా ఉంటాయి. ఎస్ఎంపీఎస్ అట్టా కాదు, సెకనుకి పదుల వేలసార్లు స్విచ్ అవుతా వోల్టేజిని తనే పట్టుకుని ఉంటది. పైగా ఖాళీగా ఉన్న పెద్ద కెపాసిటర్ ఆన్ చేసిన క్షణంలో దాదాపు షార్టే, సప్లై ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోద్ది, మళ్ళీ ట్రై చేస్తది, మళ్ళీ ఆగుద్ది.

మాటలతో ఒప్పుకోలేదు కాబట్టి అక్కడే బల్ల మీద పెట్టి చూశాం. రెండూ కలిపి తగిలిస్తే టిక్... టిక్... టిక్... అంటానే ఉంది గానీ లైటు నిలబడలా. తీసేస్తే వెంటనే లేచింది. అన్న నవ్వి "సరే పో, నీ బిస్కెట్టు నీదే" అన్నాడు. ఈ టిక్ టిక్ కొత్త బోర్డులు కొన్నోళ్ళు చాలామంది చూసుంటారు, చూడగానే చిప్ పోయిందని తిప్పి పంపేస్తారు. ముందు ఎస్ఎంపీఎస్‌ని ఒంటరిగా ఆన్ చేసి చూడండి, తర్వాత బోర్డు తగిలించండి.

శనివారం రాత్రి, హమ్

డబ్బాలో పెట్టేశా, ఇనప డబ్బా, పాత స్టెబిలైజర్‌ది. లోపల 230 వోల్టులు ఉంది కాబట్టి డబ్బాకి ఎర్త్ ఖచ్చితంగా కలిపా, సప్లై మైనస్ కూడా డబ్బాకే. టీవీ ఆడియో వైర్ పెట్టగానే మ్మ్మ్మ్ అని. వాల్యూమ్ తగ్గించినా పెంచినా దాదాపు ఒకటే.

ఇప్పుడు ఎవర్నడిగినా వచ్చే జవాబు "చైనా బోర్డు అంతే" లేదా "మంచి వైర్ కొను". కాస్త ఓపిగ్గా ఒక్కోటి తీసి చూస్తే చాలు, దొంగ దొరుకుద్ది. ఇన్‌పుట్‌లో ఆర్సీఏ (ఆడియో వైర్లకి ఉండే గుండ్రటి ప్లగ్) పిన్ను మధ్యదీ బయటదీ కలిపేసిన షార్టింగ్ ప్లగ్ పెట్టా, చెవి స్పీకర్‌కి ఆనిస్తే తప్ప ఏమీ లేదు. అంటే చిప్, సప్లై రెండూ అమాయకులే. ఫోన్ బ్యాటరీ మీద పెట్టి పాట వేశా, శుభ్రం. అదే ఫోన్‌కి చార్జర్ పెడితే సన్నగా జుయ్యి. టీవీ పెడితే మ్మ్మ్. టీవీ నడుస్తా ఉండగానే సెట్ టాప్ బాక్స్ వెనక కేబుల్ వైర్ విప్పా, హమ్ కత్తిరించినట్టు ఆగిపోయింది.

సంగతేందంటే కేబుల్ వైర్ స్తంభాల మీద ఊరంతా తిరిగి వస్తది, దాని పై జాలీకి (లోపలి తీగ చుట్టూ అల్లిన లోహపు వలకి) ఎక్కడో ఎవరింట్లోనో ఎర్త్ ఉంటది. మన డబ్బా ఎర్త్ మనింటిది. రెండు ఎర్త్‌ల మధ్య మీటర్ పెడితే ఏసీ 7 వోల్టులు. కేబుల్ జాలీ, సెట్ టాప్ బాక్స్, హెచ్‌డీఎంఐ, టీవీ, ఆడియో వైర్ జాలీ, ఆంప్ గ్రౌండ్, డబ్బా, ఇంటి ఎర్త్, ఇట్టా ఒక చుట్టు పూర్తయింది, ఆ 7 వోల్టులు ఆడియో వైర్ జాలీలోంచి కరెంటు తోస్తా ఉంది. ఆడియో సిగ్నల్ తిరిగిపోయేది కూడా ఆ జాలీలోంచే. ఒకే పంట కాలువ మీద ఎగువోడు మోటార్ వేస్తే దిగువ మడిలో నీళ్ళ మట్టం ఊగినట్టు, ఆ వైర్‌లో పడే చిన్న వోల్టేజి ఆంప్‌కి పాటలాగే కనపడుద్ది, అది కూడా పెంచి వినిపిస్తది. ఈ మొత్తం డైరీలో నాకు కనపడిన గోలంతా ఇదే రకం, ఏ కరెంటు ఏ దారిలో తిరిగిపోతా ఉంది అని వెతుక్కుంటే చాలు.

పక్కింటాయన సలహా ఇచ్చాడు, ప్లగ్‌లో లావు పిన్ను విరిచెయ్, హమ్ పోద్దని. పోద్ది, నిజమే. రేపు లోపల ఫేజ్ వైర్ ఊడి డబ్బాకి తగిలితే మనిషి కూడా పోతాడు. మన వైపు చాలా ఇళ్ళల్లో మూడు పిన్నుల ప్లగ్‌లకి లావు పిన్ను లేకపోవడం చూస్తానే ఉంటాం, మిక్సీకి, ఐరన్ బాక్స్‌కి కూడా. దయచేసి వద్దు.

ఆదివారం, ఎర్త్ గుంత

పనిలో పనిగా ఎలక్ట్రీషియన్ అన్నని పిలిచా. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 11 వోల్టులు చూపిస్తా ఉంది, మామూలుగా రెండు మూడు లోపలే ఉండాల. ఇంటి వెనక గుంత ఎండిపోయి నెర్రెలిచ్చింది, పైపు మీద క్లాంప్ తుప్పు. "నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందన్నా?" అని ఆయన అడిగితే మా నాయన నా వైపు చూశాడు, నేను మా నాయన వైపు. క్లాంప్ మార్చి, బొగ్గూ ఉప్పూ మళ్ళీ వేసి, బిందెలతో నీళ్ళు పోస్తే 2 వోల్టులకి దిగింది. హమ్ కొంత తగ్గింది గానీ పోలా, చుట్టు అట్టానే ఉంది కదా.

చుట్టు తెంచడానికి రెండు పనులు చేశా. ఒకటి, సప్లై మైనస్‌ని డబ్బాకి నేరుగా కాకుండా 10 ఓమ్ రెసిస్టర్ గుండా కలిపా, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరూ, ఎదురెదురుగా రెండు లావు డయోడ్లూ. మామూలప్పుడు 10 ఓమ్ అడ్డం కాబట్టి లూప్ కరెంటు బాగా తగ్గుద్ది, ఏదైనా పెద్ద ఫాల్ట్ వస్తే డయోడ్లు దారి ఇస్తాయి. ఇనప డబ్బా మాత్రం ఎర్త్‌కి నేరుగానే, దాన్ని ముట్టుకోలా. రెండోది, టీవీకి ఆడియో వైరే తీసేసి ఆప్టికల్ పెట్టా. టీవీ వెనక ఎర్రగా వెలిగే చిన్న కన్నం ఉంటది, దాంట్లోంచి వెలుతురు పోద్ది, రాగి లేదు, లూప్ అనే మాటే లేదు. ఇవతల చిన్న డాక్ డబ్బా ఆ వెలుతుర్ని మళ్ళీ ఆడియోగా మారుస్తది. పెట్టగానే సౌండ్ రాకపోతే భయపడొద్దు, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఔట్‌పుట్ పీసీఎం అని మార్చాల, డాల్బీలో ఉంటే ఈ చవక డాక్‌లకి అర్థం కాదు.

మ్మ్మ్ పోయింది. పూర్తిగా.

వారం మధ్యలో, గెయిన్

హమ్ పోయాక దాని కింద దాక్కున్న హిస్ వినపడింది, ఉస్స్ అని సన్నగా. ఇంకో ఇబ్బంది, వాల్యూమ్ నాబ్ 8 గంటల కాడ్నుంచి 9కి తిప్పేసరికే ఇల్లు అదిరిపోతా ఉంది, మిగతా మూడు వంతులు వేస్ట్. భూతద్దం పెట్టి చూస్తే గెయిన్ (వచ్చిన సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలనేది) రెసిస్టర్లు 47కె, 75కె, కె అంటే కిలో ఓమ్‌లు. అంటే 36 డీబీ, ఈ చిప్‌లో ఉన్న నాలుగు సెట్టింగుల్లో అన్నిటికన్నా పైది. 36 డీబీ అంటే 63 రెట్లు. డాక్ నుంచి 2 వోల్టులు వస్తది, 63తో గుణిస్తే 126, మన దగ్గరున్న సప్లై 24! ఎవరికోసం ఇంత గెయిన్, పాత ఫోన్ల బలహీనమైన జాక్ కోసం అయ్యుంటది, లేదా కొన్నోడు నాబ్ కొంచెం తిప్పగానే "అబ్బో" అనాలని.

20 డీబీకి దించా. గ్రౌండ్ వైపు రెసిస్టర్ 5.6కె, రెండోది అసలు తీసేయడమే. 20 డీబీ అంటే 10 రెట్లు, 2 వోల్టులు పోతే 20 వోల్టులు, సప్లై మొత్తం వాడేసుకోడానికి అదే ఎక్కువ. ఇందులో ఒక చిన్న లాభం కూడా ఉంది: 36 డీబీలో చిప్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి అది పెట్టే అడ్డు) 9 కిలో ఓమ్‌లే, 20లో 60. ఇన్‌పుట్ కెపాసిటర్ 1 మైక్రోఫారడ్ అయితే 9కెతో 18 హెర్ట్జ్ దగ్గర బేస్ తెగిపోవడం మొదలవుద్ది, 60కెతో 3 హెర్ట్జ్ లోపలికి పోద్ది. బేస్ కోసం అన్న ఇచ్చిన కెపాసిటర్ల కన్నా ఇదే నిజమైన దారి. గుర్తుంచుకోండి, చిప్ ఈ గెయిన్‌ని ఆన్ అయ్యేటప్పుడు మాత్రమే చదువుకుంటది, నడస్తా ఉండగా మార్చితే ఏమీ కాదు, కరెంటు తీసి మళ్ళీ ఇవ్వాల.

హిస్ ఇప్పుడు స్పీకర్‌కి జానెడు దూరంలో కూడా వినపడట్లా. వాల్యూమ్ నాబ్ 12 గంటల కాడ హాయిగా ఉంది.

బ్లూటూత్ మాడ్యూల్

అమ్మకి ఫోన్ నుంచి సుప్రభాతం కావాల, వైర్లు కుదరవు. బ్లూటూత్ బోర్డు పెట్టి, 24 నుంచి 5 వోల్టులకి ఎల్ఎం2596 కన్వర్టర్ పెడితే పాట ఆగినప్పుడల్లా టిటిటిటి కీచ్‌మని. ఇదీ అదే జబ్బు, డబ్బా లోపల పుట్టింది. మాడ్యూల్ తాగే కరెంటూ, దాని ఆడియో గ్రౌండూ ఒకటే దారిలో తిరిగిపోతా ఉండాయి. బీ0505ఎస్ అని వేలి గోరంత ఐసోలేటెడ్ కన్వర్టర్ ఉంటది, 5 తీసుకుని విడిగా 5 ఇస్తది, లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్. అది మధ్యలో పెడితే కీచు ఆగింది. దీని మీద ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

తాత రేడియో

ఎవరూ అనుకోని కంప్లయింట్ తాత దగ్గర్నుంచి. "రేయ్ అబ్బోడా, నీ డబ్బా పెట్టిన కాడ్నుంచి నా రేడియోలో తేనెటీగలు." చూస్తే నిజమే, మీడియం వేవ్‌లో 800 దగ్గర, 1200 దగ్గర గోల. చిప్ 400 కిలోహెర్ట్జ్ మీద స్విచ్ అవుతా ఉంది, దాని గుణిజాలు 800, 1200, 1600, మూడూ మీడియం వేవ్ పట్టీలోనే పడతాయి. బోర్డు మీద ఔట్‌పుట్ ఫిల్టర్ ఉంది, కాయిల్ మీద 100 అని రాసుంది, అంటే 10 మైక్రోహెన్రీలు, దానికి 0.68 మైక్రోఫారడ్, లెక్కేస్తే 61 కిలోహెర్ట్జ్ దగ్గర్నుంచి కోస్తది. కోసినా కొంచెం మిగులుద్ది, అది పొడుగు స్పీకర్ వైర్ దొరికితే దాన్నే ఏరియల్ చేసుకుంటది. కుడి స్పీకర్ వైర్ గోడ చుట్టూ తిరిగి సరిగ్గా తాత మంచం పక్కనుంచే పోతా ఉంది మరి.

చిప్‌కి స్విచింగ్ ఫ్రీక్వెన్సీ మార్చే పిన్నులు ఉండాయి, 400, 500, 600, 1000, 1200. కానీ ఈ బోర్డులో వాటిని గ్రౌండ్‌కి అతికించేశారు, ఆ సన్న కాళ్ళు లేపి కొత్త వైర్ వెయ్యడం అంటే చెయ్యి వణక్కూడదు. కాబట్టి సులువైన దారి పట్టా: వైర్ పొట్టి చేసి, రెండు తీగలూ గట్టిగా మెలిపెట్టి, డబ్బా నుంచి బయటికి వచ్చే చోట ఫెర్రైట్ రింగ్‌లో మూడు చుట్లు తిప్పా, వైర్‌ని మంచం దగ్గర్నుంచి తప్పించా. 1200 దగ్గర ఏమీ లేదు, 800 దగ్గర రేడియో పక్కన పెడితేనే సన్నగా ఉంది. తాత వినే స్టేషన్ దానికి దూరం, కేసు కొట్టేశాం.

ఇప్పటి పరిస్థితి

పాట లేకుండా ఆన్‌లో ఉంటే 24 వోల్టుల మీద 60 మిల్లీఆంపుల పైన తాగుతా ఉంది, ఒకటిన్నర వాటు. ఎండ దంచిన సాయంత్రం, హాల్లో 36 డిగ్రీలు, చాలాసేపు గట్టిగానే మోగించాక హీట్‌సింక్ మీద వేడి కొలిచే థర్మోకపుల్ 46 చూపించింది, చెయ్యి పెట్టొచ్చు. ఇదే సౌండ్‌కి మా పాత క్లాస్ ఏబీ (స్విచింగ్ లేని పాత రకం) ఆంప్ సింక్ మీద వేలు పెట్టలేం. ఫ్యాన్ అక్కర్లేదు, డబ్బా కన్నాలకి మాత్రం సన్న జాలీ వేశా, బల్లులు దూరకుండా.

ఇక మిగిలింది కరెంటు పోయినప్పటి సంగతి. చిప్ 4.5 వోల్టుల నుంచే నడుస్తది కాబట్టి ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇచ్చేస్తే 230 చేసి మళ్ళీ 24 చేసే తంతు ఉండదు, చానెల్‌కి 8 వాట్లు వచ్చినా వార్తలకి, పాటలకి చాలు. బ్యాటరీ ప్లస్ దగ్గరే 5 ఆంపుల ఫ్యూజ్ పెట్టాల, ఇది ముందు, మిగతా అన్నీ తర్వాత. 24కీ 12కీ మధ్య మార్చే స్విచ్‌కి మధ్యలో ఆఫ్ పొజిషన్ ఉండాల, రెండు సప్లైలూ ఒక్క క్షణం కూడా కలవకూడదు. అట్టాంటిది డీసీకి రేటింగ్ ఉన్నది ఈడ షాపుల్లో కనపడలా, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి పోయే కుర్రోడికి చెప్పి పెట్టా.

మైక్ సెట్ అన్న మాత్రం వచ్చి ఒక పూట కూర్చుని విని, బాగుంది గానీ కల్యాణ మండపానికి సరిపోదన్నాడు. దానికి కాదు గదన్నా అంటే, 48 వోల్టుల మీద నడిచే టీపీఏ3255 బోర్డు రేటెంతో కనుక్కోమని చెప్పి పోయాడు.